సర్పగంధ వేరు, సిద్దిఖీ గారి వ్యాసం: ఒక సవరణ

గత సంవత్సరం వెలువడిన మన సొసైటీ సావనీరులో మేము ఒక వాక్యం అచ్చువేశాం. రక్తపోటుకూ, మతిభ్రమణానికీ ప్రపంచమంతటా వాడిన రెసర్పిన్ అనే మందును కనిపెట్టినవారు డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దిఖీ గారని దాని సారాంశం. చదివినవారు సంతోషించారు. ఒకరిద్దరు మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా రాశారు. మన స్కాలర్‌షిప్పు మీద ఫార్మసీ చదువుకొంటున్న ఒక అమ్మాయి ఆ వాక్యాన్ని తన కాలేజీ సెమినారులో ఉన్నదున్నట్టు చెప్పిందట. వెనుక వరుసలో కూర్చున్న లెక్చరర్ గారు లేచి, "అది ఏ వ్యాసంలో ఉందమ్మా, ఏ సంవత్సరం?" అని అడిగారట. పాపం, ఆ అమ్మాయి చేతిలో మన సావనీరు తప్ప ఇంకేమీ లేదు. నలుగురిలో తలదించుకోవలసి వచ్చింది. తప్పు ఆమెది కాదు, మాది. తరువాత మాకు ఉత్తరం రాసింది. అందులో కోపం లేదు. "చాచా, ఈసారి రాసేటప్పుడు ఏ వ్యాసంలో ఉందో కూడా చూసి రాయండి" అన్న ఒక్క ముక్క ఉంది. ఆ ముక్క మమ్మల్ని కూర్చోనివ్వలేదు. అందుకనే ఈ సంవత్సరం ఆ సంగతిని మొదటినుంచీ, ఎవరు ఏ సంవత్సరం ఏమి రాశారో వెతికి, సభ్యుల ముందు పెడుతున్నాం.

ముందు ఆ మొక్క సంగతి. తెలుగులో పాతాళగంధి అనీ, సంస్కృతంలో సర్పగంధ అనీ, యూనానీ హకీములు అస్రోల్ అనీ అంటారు. చిన్న పొద. కణుపుకు మూడేసి ఆకులు, తెలుపూ గులాబీ కలిసిన పూలు, పండితే ఊదానలుపు తిరిగే చిన్న కాయలు. మందు ఉన్నది వేరులో. మహా చేదు. బీహారు ప్రాంతంలో దీన్ని పచ్చిగా "పాగల్ కీ దవా" అనేవారు, అంటే పిచ్చి మందని. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రౌవోల్ఫియా. అది పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు రౌవోల్ఫ్ పేరు. ఆయన హలబ్, బగ్దాద్ నగరాల దాకా ప్రయాణించినవాడే గానీ మన దేశానికి రాలేదు, ఈ మొక్కను కంటితో చూడలేదు. ఆయన పోయిన నూరేళ్ళకు ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన గౌరవార్థం ఆ జాతికి ఆ పేరు తగిలించాడు. చూడనివాడి పేరు మొక్కకు నిలిచిపోయింది. ఈ మొక్క కథలో పేర్లు తారుమారు కావడం అక్కడినుంచే మొదలైందనవచ్చు.

ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఆయుర్వేదిక్ అండ్ యూనానీ తిబ్బియా కాలేజీ ఉంది. దాన్ని స్థాపించినవారు మసీహుల్ ముల్క్ హకీం అజ్మల్ ఖాన్ గారు. 1916లో వైస్రాయి హార్డింజి చేత పునాదిరాయి వేయించి, 1921 ఫిబ్రవరి 13న మహాత్మాగాంధీ చేత ప్రారంభోత్సవం జరిపించారు. అదే 1921లో ఆయన అహ్మదాబాదు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. రాజకీయాల్లో ఆయన పాత్ర సభ్యులకు తెలిసినదే గనుక ఇక్కడ వివరించం. మనకు కావలసింది ఆయనలోని హకీము. తరతరాలుగా ఢిల్లీలో యూనానీ వైద్యం చేసిన కుటుంబంలో పుట్టి కూడా, మా మందులు మా తాతలు వాడారు గనుక మంచివే అని ఆయన ఊరుకోలేదు. ఆ వేళ్ళల్లో, ఆ ఆకుల్లో ఏముందో రసాయనశాస్త్రం చేత తేల్చాలన్నారు. ఆ పనికి ఆయన ఎంచుకొన్న మనిషి సిద్దిఖీ గారు.

సిద్దిఖీ గారు 1897లో లక్నోకు దగ్గరలోని బారాబంకీ జిల్లాలో పుట్టారు. అలీగఢ్‌లో చదివింది తత్వశాస్త్రం, పారశీకం. వైద్యం చదువుదామని 1920లో లండన్ వెళ్ళి, అది వదిలిపెట్టి మరుసటి సంవత్సరం జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ చేరి రసాయనశాస్త్రంలో పడ్డారు. మధ్యలో బొమ్మలు గీసి అక్కడే ప్రదర్శన కూడా పెట్టారు. ఈ కాలపు తల్లిదండ్రులెవరైనా చూస్తే, వీడు ఒక్కచోట నిలవడు అని పెదవి విరిచేవారే. 1927లో డాక్టరేటు తీసుకొని తిరిగివచ్చి, తిబ్బియా కాలేజీలో పరిశోధనా సంస్థను నడపడానికి పూనుకొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే అజ్మల్ ఖాన్ గారు కన్నుమూశారు. తాను కోరిన పని ఫలితం ఆయన చూడలేదు.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు. వ్యాసం 1931లో, ఇండియన్ కెమికల్ సొసైటీ వారి పత్రిక ఎనిమిదో సంపుటంలో వచ్చింది. సర్పగంధ వేళ్ళ రసాయన పరీక్ష అన్నది దాని విషయం. రచయితలు ఇద్దరు: సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ. ఇంటిపేరు ఒకటే కావడంచేత మనవాళ్ళు చాలామంది ఈ ఇద్దర్నీ ఒక్కరనే అనుకొంటున్నారు. గత సంవత్సరం మేము కూడా రెండో ఆయన పేరు ఎత్తలేదు. ఆ తప్పును కూడా ఇక్కడే ఒప్పుకొంటున్నాం.

ఆ వ్యాసంలోనూ, 1932లోనూ 1935లోనూ వచ్చిన తరువాతి వ్యాసాల్లోనూ వారు చేసిన పని ఇది. ఎండువేళ్ళు పొడిచేసి, సారాయంలో నానబెట్టి, ఆ సారంలోనుంచి స్ఫటికాలుగా దిగే ఆల్కలాయిడ్లను ఒక్కొక్కటిగా విడదీశారు. అవి రెండు కుటుంబాలు. తెల్లనివి మూడు: అజ్మలిన్, అజ్మలినిన్, అజ్మలిసిన్. పసుపుపచ్చనివి రెండు: సర్పెంటిన్, సర్పెంటినిన్. కప్పల మీద పరీక్షించి, గుండె మీదా, ఊపిరి మీదా, నరాల మీదా వాటి ప్రభావం చూశారు. మొదటి మూడు పేర్లు చూడండి. నాలుగేళ్ళ క్రితం పోయిన హకీము పేరు మూడింటిలోనూ ఉంది. అజ్మల్ ఖాన్ గారు తన జన్మలో రసాయనశాస్త్ర పత్రికకు ఒక్క వ్యాసం రాసి ఉండరు. అయినా ఆయన పేరు లేకుండా ఈనాడు ఏ దేశంలోనూ ఆ పదార్థాన్ని పిలవడానికి లేదు. శిష్యుడు గురువుకు కట్టిన గోరీ ఇంతకంటే గట్టిది ఇంకొకటి మాకు తెలియదు.

ఇప్పుడు అసలు సవరణ. ఆ ఐదు పదార్థాలలో రెసర్పిన్ లేదు. మనిషిని శాంతపరిచే గుణం, రక్తపోటును నెమ్మదిగా దించి నిలిపే గుణం ఎక్కువగా ఉన్నది ఈ స్ఫటికాలలో కాదు. అవి తీసివేశాక అడుగున మిగిలే జిగురు మడ్డిలో ఉంది. రసాయనవేత్త చేతికి స్ఫటికం వస్తే సంతోషం, మడ్డి వస్తే విసుగు. సిద్దిఖీలు వెతికింది స్ఫటికాలను, దొరికినవి స్ఫటికాలు. ఇందులో వారిని తప్పుపట్టవలసింది ఏమీ లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత పెద్ద పెద్ద పరికరాలున్నవాళ్ళకు దొరికినదాన్ని కరోల్‌బాగ్ ప్రయోగశాల ఖాతాలో వేయడం మాత్రం న్యాయం కాదు. వారు చేసింది చాలు, చేయనిది అంటగట్టనక్కరలేదు.

విచిత్రమేమంటే ఆ 1931లోనే కలకత్తాలో మరో ఇద్దరు ఇదే వేరు గురించి రాశారు. గణనాథ్ సేన్ గారు కవిరాజు, అంటే ఆయుర్వేద వైద్యులు. కార్తీక్ చంద్ర బోస్ గారు అల్లోపతీ డాక్టరు. వారు స్ఫటికాల జోలికి పోలేదు. వేరు పొడినే రోగులకిచ్చి, రక్తపోటు తగ్గుతోందనీ, ఉన్మాదం ఉన్నవారు నెమ్మదిస్తున్నారనీ ఇండియన్ మెడికల్ వరల్డ్ అనే పత్రికలో ప్రకటించారు. అంటే ఒకే ఏడాది ఢిల్లీలో హకీము గారి సంస్థలో వేరులో ఏముందో తేలింది, కలకత్తాలో కవిరాజు గారి రోగుల మీద వేరు ఏమి చేస్తుందో తేలింది. ఈ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి చదివినవాడు బయటి దేశాల్లో దాదాపు ఎవడూ లేడు. పత్రికలు మనవి. లండనులో ఎవరి బల్ల మీదకూ అవి వెళ్ళవు.

తరువాతి ఇరవై ఏళ్ళూ పని ఎక్కువగా ఈ దేశంలోనే జరిగింది. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో రామ్‌నాథ్ చోప్రా గారూ, ఆయన సహచరులూ 1933లో ఒక ఆల్కలాయిడు ప్రభావాలు పరిశీలించారు. 1943లో నిద్ర తెప్పించే గుణం ఎందులో ఉందో వెతుకుతూ, ఆ జిగురు భాగం మీద అనుమానం వ్యక్తపరిచారు. 1942లో భాటియా గారు రక్తపోటు రోగుల మీద తన అనుభవం రాశారు. 1934 నుంచే సెర్పినా అనే పేరుతో వేరు బిళ్ళలు బజారులో దొరుకుతున్నాయి. ఇంత జరిగినా బయటి ప్రపంచానికి చీమ కుట్టినట్టయినా లేదు. కడకు బొంబాయిలో గుండె వైద్యులు రుస్తుం జాల్ వకీల్ గారు 50 మంది రోగుల లెక్కలు జాగ్రత్తగా రాసుకొని, ఆ వ్యాసాన్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌కు పంపారు. అప్పుడు కదిలారు. బోస్టన్‌లో విల్కిన్స్ అనే డాక్టరు మందు తెప్పించుకొని తన రోగులకిచ్చాడు. స్విట్జర్లాండులో సీబా కంపెనీవారు ఆ మడ్డిని పట్టుకొన్నారు. 1952లో ముల్లర్, ష్లిట్లర్, బైన్ అనే ముగ్గురు రెసర్పిన్‌ను శుద్ధరూపంలో తీసి ప్రకటించారు. కనుక లెక్చరర్ గారికి సరైన జవాబు ఇది: 1952, బాసెల్ నగరం, ఆ ముగ్గురు. మన పెద్దలలో రక్తపోటు ఉన్నవారు ఏళ్ళతరబడి మింగిన అడెల్ఫేన్ బిళ్ళలో ఒక పాలు ఈ రెసర్పినే.

ఇక్కడితో ఆపితే ఇది రక్తపోటు కథ మాత్రమే అవుతుంది. సర్పగంధ అసలు ప్రభావం ఆ తరువాత, మెదడు గురించిన శాస్త్రంలో కనబడింది. దానికి మనం స్వీడన్ వెళ్ళాలి.

1954లో న్యూయార్కు రాష్ట్రంలోని ఒక పెద్ద మానసిక చికిత్సాలయంలో నాథన్ క్లైన్ గారు ఈ మందును ఉన్మాద రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించారు. ఆశ్చర్యం అందరికీ కలిగింది గానీ, ఇది మెదడులో ఏమి చేస్తోందన్నది ఎవరికీ తెలియదు. 1955లో అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థలో బెర్నార్డ్ బ్రోడీ గారి బృందం, రెసర్పిన్ ఇచ్చిన జంతువుల శరీరంలో సెరటోనిన్ అనే పదార్థం నిల్వ ఖాళీ అయిపోతోందని చూపించింది. నరాల చివర్లలో సన్నని సంచులుంటాయి, వాటిలో ఇటువంటి పదార్థాలు నిల్వ ఉంటాయి. గోనెసంచికి చిల్లుపడితే బియ్యం కారిపోయినట్టు, రెసర్పిన్ వల్ల ఆ నిల్వ కారిపోతుంది. మెదడు పనితీరును రసాయనాల లెక్కలో చెప్పవచ్చునని అప్పుడు గట్టిగా నమ్మకం కలిగింది. నాడీ ఔషధశాస్త్రమని ఈనాడు అంటున్నదానికి ఒక మూలస్తంభం ఇదే.

ఆ బ్రోడీ గారి దగ్గరకు పని నేర్చుకోవడానికి 1955లో స్వీడన్ నుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు ఆర్విడ్ కార్ల్‌సన్. పుట్టింది 1923లో. ఆయన రావడానికి కారణం వింటే మన పిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది. లుండ్ విశ్వవిద్యాలయంలో ఆయన డాక్టరేటు శరీరంలో కాల్షియం నడక మీద. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఆయన వ్యాసాలు చూసిన నిపుణుల సంఘం, కాల్షియం విషయం ఔషధశాస్త్రంలో ముఖ్యమైనది కాదని తేల్చి తిప్పిపంపింది. అంటే ఆయన వ్యాసాల చిట్టా చూసి పనికిరావన్నారు. దాంతో ఆయన దారి మార్చుకొని మెదడు వైపు తిరిగాడు.

బ్రోడీ గారి ప్రయోగశాలలో ఉండగానే కార్ల్‌సన్, సెరటోనిన్ ఒక్కటే కాక నోరడ్రెనలిన్ మొదలైనవాటిని కూడా చూద్దామన్నాడు. అక్కర్లేదన్నారు. మంచిదని ఊరుకొని, స్వదేశం వెళ్ళాక హిల్లార్ప్ అనే సహచరుడితో కలిసి చూశాడు. అవి కూడా ఖాళీ అయిపోతున్నాయి. తర్వాత చేసిన ప్రయోగం ఎవరు చెప్పినా వినదగినది. కుందేళ్ళకు రెసర్పిన్ ఎక్కించారు. చెవులు వాలేసి, కదలక మెదలక, బొమ్మల్లా కూర్చుండిపోయాయి. అప్పుడు డోపా అనే పదార్థం సూదిమందుగా ఇచ్చారు. పావుగంటలో కుందేళ్ళు లేచి మామూలుగా గెంతసాగాయి. తీరా మెదడులో కొలిచి చూస్తే నోరడ్రెనలిన్ తిరిగి రాలేదు. మరి లేపినది ఏది? డోపా నుంచి నోరడ్రెనలిన్ తయారయ్యే దారిలో మధ్యన వచ్చే డోపమిన్ అయి ఉండాలి. దాన్ని అప్పటిదాకా అందరూ దారిలో మజిలీ అనే అనుకొన్నారు గానీ, దానికంటూ ఒక పని ఉందని ఎక్కువమంది అనుకోలేదు.

ఈ కుందేళ్ళ వ్యాసం 1957లో నేచర్ పత్రికలో వచ్చింది. ఎంత పొడుగో తెలుసునా? ఒక్క పేజీ. మరుసటి సంవత్సరం డోపమిన్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టి, అది మెదడులో సహజంగానే ఉందనీ, రెసర్పిన్ ఇస్తే పోతోందనీ, డోపా ఇస్తే వస్తోందనీ ప్రకటించారు. ఇక్కడ మరో పేరు చెప్పకపోతే మేము మళ్ళీ పాత తప్పే చేసినవాళ్ళమవుతాం. మెదడులో డోపమిన్ ఉన్నదని 1957లోనే, అదే నేచర్ పత్రికలో, కార్ల్‌సన్ కంటే కొద్ది నెలలు ముందుగా రాసిన మహిళ ఒకరున్నారు. ఆమె పేరు కాథ్లీన్ మాంటెగ్యూ. డోపమిన్ పేరు ఈనాడు వార్తాపత్రికల్లో కూడా కనిపిస్తోంది గానీ, మాంటెగ్యూ పేరు ఎక్కడైనా చూశారా?

1960 మార్చిలో లండనులో పెద్దల సమావేశం జరిగింది. కార్ల్‌సన్ తన ఫలితాలు వినిపించాడు. అధ్యక్ష పీఠానికి దగ్గరగా సర్ హెన్రీ డేల్ గారున్నారు. నరాల రసాయనాల మీదే 1936లో నోబెల్ బహుమానం అందుకొన్న మహానుభావుడు. ఆయన, డోపా విషం సుమా అన్నారు. మిగతావారికీ నమ్మకం కుదరలేదు. ఆ సభ నుంచి కార్ల్‌సన్ నిరాశగా వెళ్ళాడు. అయితే అదే సంవత్సరం వియన్నాలో ఓలే హోర్నికీవిచ్, ఎహ్రింగర్ అనే ఇద్దరు, పార్కిన్సన్ జబ్బుతో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి, కదలికలను నడిపే భాగంలో డోపమిన్ దారుణంగా తగ్గి ఉందని కనుగొన్నారు. మన వాడుకలో వణుకుడు వాయువంటామే, ఆ జబ్బు. 1961లో బిర్క్‌మాయర్ గారితో కలిసి హోర్నికీవిచ్ రోగులకు డోపా ఎక్కిస్తే, మంచానపడ్డవారు లేచి నడిచారు. 1967లో కొట్జియాస్ గారు అమెరికాలో నోటిద్వారా పెద్ద మోతాదులు ఇచ్చే పద్ధతి నిర్ధారణ చేశారు. ఈనాటికీ ఆ జబ్బుకు ముఖ్యమైన మందు అదే. మన సభ్యుల ఇళ్ళలో కూడా దానితో చేయి వణుకు తగ్గి, గ్లాసు తానే పట్టుకొని చాయ్ తాగుతున్న పెద్దలున్నారు.

కార్ల్‌సన్ గారి వ్యాసాల్లో తరువాత అతి ముఖ్యమైనది 1963లో వచ్చింది. ఎలుకల మెదడు మీద, ఉన్మాదానికి వాడే మందులు డోపమిన్ మీద ఎలా పనిచేస్తాయో ఊహించిన చిన్న వ్యాసం. స్కాండినేవియా దేశాలవారి ఒక మామూలు ఔషధశాస్త్ర పత్రికలో వేశారు. వ్యాసంలో ఊహ పాలే ఎక్కువ. కానీ స్కిజోఫ్రీనియా గురించి ఆ తర్వాత అర్ధశతాబ్దం నడిచిన ఆలోచనకంతకూ అది బీజం. దిగులు జబ్బుకు సెరటోనిన్ మీద పనిచేసే జిమెలిడిన్ అనే మందును కూడా ఆయన, సహచరులూ తయారుచేశారు. దుష్ఫలితాల వల్ల 1983లో అది బజారు నుంచి వెళ్ళిపోయింది గానీ, ఆ దారిలో వచ్చిన మందులు ఇప్పుడు లోకమంతా వాడుతున్నారు. 2000 సంవత్సరంలో ఆయనకు గ్రీన్‌గార్డ్, కాండెల్ గార్లతో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. హోర్నికీవిచ్ గారికి రాలేదు. రెండువందల మందికి పైగా నాడీశాస్త్రజ్ఞులు ఇది అన్యాయమని బహిరంగ లేఖ రాశారు. కార్ల్‌సన్ 2018లోనూ, హోర్నికీవిచ్ 2020లోనూ పోయారు. భారతదేశపు డాక్టరు వకీల్ గారికి 1957లోనే అమెరికావారి లాస్కర్ బహుమానం, క్లైన్ మొదలైనవారితో పాటు దక్కిందని ఇక్కడ చెప్పడం ధర్మం. కుందేళ్ళ వ్యాసం వచ్చిన సంవత్సరం కూడా అదే.

ఇప్పుడు లెక్క విషయం. ఈ రోజుల్లో పరిశోధకుడి విలువ కట్టడానికి, ఆయన వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ఉదహరించారని లెక్కపెడుతున్నారు. 1960ల తొలిరోజుల్లో అమెరికాలో గార్ఫీల్డ్ గారు ఇటువంటి సూచిక అచ్చువేయడం మొదలుపెట్టారు. 2005లో హిర్ష్ అనే ఆయన ఒక పరిశోధకుడి మొత్తం చిట్టాను ఒక్క అంకెలోకి దించే పద్ధతి చెప్పారు. ఉద్యోగాలకు, ప్రమోషన్లకు ఆ అంకెలు చూస్తున్నారు. పనికిరాదని మేమనం. కార్ల్‌సన్ చిట్టాకు ఆ అంకె బాగానే పలుకుతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ గారితో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వ్యాసాన్ని వేలాది పరిశోధకులు ఉదహరించారు. ప్రయోగశాలలో రోజూ వాడే పద్ధతి గనుక ప్రతివాడూ ఆ పేరు రాయక తప్పలేదు.

సర్పగంధ వ్యాసానికి ఆ అదృష్టం లేదు. దానికి కారణాలు రెండు అని మాకు తోస్తోంది. గొలుసులో ప్రతివాడూ తన ముందరి లంకెనే పేర్కొంటాడు. పార్కిన్సన్ మీద రాసేవాడు హోర్నికీవిచ్ పేరు రాస్తాడు, ఆయన కార్ల్‌సన్ పేరు, కార్ల్‌సన్ బ్రోడీ పేరు, బ్రోడీ రెసర్పిన్ తీసినవారి పేరు. అక్కడినుంచి వెనక్కి కరోల్‌బాగ్ దాకా నడిచే ఓపిక ఎవరికి ఉంటుంది? రెండోది, ఒక సంగతి బాగా స్థిరపడిపోతే దాన్ని ఎవరు చెప్పారో రాయడం మానేస్తారు. ఉప్పు ఎవరు కనిపెట్టారని కూర వండేవాళ్ళు అడగరు కదా. అజ్మలిన్ సర్పగంధలో ఉందని రాసేవాడు 1931 నాటి సంపుటం తెరవడు.

అయినా అజ్మలిన్ ఎక్కడికీ పోలేదు. అది గుండె లయ తప్పినప్పుడు వాడే మందయింది. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనుషులు హఠాత్తుగా గుండె ఆగి పోయే ఒక జబ్బు ఉంది. అది ఉన్నదా లేదా అని అనుమానం వస్తే యూరపులోని ఆసుపత్రుల్లో అజ్మలిన్ ఎక్కించి ఈసీజీ గీతలు చూస్తారు. ఆ పరీక్ష పేరే అజ్మలిన్ పరీక్ష. అది చేసే నర్సుకు ఢిల్లీ హకీము ఎవరో తెలియకపోవచ్చు, ఆయన పేరు మాత్రం ఆమె నోట పలుకుతూనే ఉంది. రెసర్పిన్ సంగతి వేరు. కొందరిలో దిగులు పుట్టిస్తుందన్న భయం వల్లా, మెరుగైన మందులు రావడం వల్లా అది దాదాపు వెనకబడిపోయింది. (ఈ వ్యాసం చదివి ఎవరూ పాతాళగంధి వేరు తెచ్చి సొంతంగా మింగవద్దని మనవి. రక్తపోటు మరీ పడిపోతే ప్రమాదం.)

సిద్దిఖీ గారు తరువాత వేప మీద పనిచేసి 1942లో నింబిన్ మొదలైన పదార్థాలు తీశారు. 1951లో పాకిస్తాను వెళ్ళి అక్కడ ప్రభుత్వ పరిశోధనా సంస్థలను నిర్మించారు. 1961లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. కరాచీలో 1994 ఏప్రిల్‌లో, 96 ఏళ్ళ వయసులో పోయారు. సరిహద్దు దాటడం వల్ల ఆయన పేరు రెండు విధాల నష్టపడింది. ఇక్కడివాళ్ళు ఆయన మనవారు కాదని వదిలేశారు. అక్కడి ప్రశంసల్లోనేమో ఆ 1931 వ్యాసం ఢిల్లీలో, ఢిల్లీ హకీము కోరిక మీద పుట్టిందన్న సంగతి వెనక్కిపోయింది. మధ్యలో మనలాంటివాళ్ళం చేసిన మేలేమిటంటే, ఆయన చేయని పని ఆయనకు అంటగట్టి, ఆయన చేసిన పని మీద కూడా లెక్చరర్లకు అనుమానం వచ్చేట్టు చేశాం.

ఈ సంచిక ప్రతితోపాటు, పైన చెప్పిన పత్రికల పేర్లు, సంవత్సరాలు విడిగా టైపు చేయించి ఆ అమ్మాయికి పంపుతున్నాం. ఆమె కాలేజీలో మళ్ళీ ఎప్పుడైనా సెమినారు పెడితే పనికివస్తాయి. సభ్యుల దగ్గర ఉన్న గత సంవత్సరపు సావనీరులో "రెసర్పిన్ కనుగొన్న డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దిఖీ" అని ఉన్నచోట, "రఫత్ హుసేన్ సిద్దిఖీ గారితో కలిసి 1931లో అజ్మలిన్ కనుగొన్న డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దిఖీ" అని దిద్ది చదువుకొనవలసిందిగా కోరుతున్నాం.